గాలి తుపాకి: బాగుచేస్తే సరే.. బలం పెంచితేనే చిక్కు

గోడకు మేకు కొట్టి తగిలించిన పాత గాలి తుపాకి పల్లెల్లో మళ్లీ కిందకు దిగుతోంది. జామతోటలో, మొక్కజొన్న చేనులో కోతులను అదిలించడానికి కొందరు రైతులు దానిని చేతబడుతున్నారు. ఏళ్ల తరబడి వాడకపోవడంతో లోపల తోలు వాషరు ఎండిపోయి, స్ప్రింగు నీరసించి ఉంటుంది. పట్టణానికి తీసుకెళ్లి లేత్ పని చేసేవారికి చూపిస్తే రెండు మాటలు వినిపిస్తాయి. బాగుచేస్తామన్నది మొదటి మాట. పనిలో పనిగా ఇంకాస్త ‘పవర్’ పెంచుతామన్నది రెండోది. ఈ రెండింటి నడుమ చట్టం ఒక గీత గీసింది. అది 20 జౌళ్ల గీత. దానిని దాటిన సంగతి తుపాకి గలవారికి గాని, లేత్ ముందు కూర్చున్నవారికి గాని తెలిసే వీలు లేదు. తుపాకి చూడటానికి మునుపటిలాగే ఉంటుంది. గుర్తింపు అవసరం లేని వస్తువుగా ఇంట్లోంచి వెళ్లి, లైసెన్సు లేని ఆయుధంగా తిరిగి వస్తుంది.

ఇంతకీ గాలి తుపాకి ఎలా పనిచేస్తుందో, దాని బలం ఎంతవరకు పెంచవచ్చో ఎక్కువగా శోధించినవారు అమెరికన్లు. అక్కడ నేటికీ సేకరణకర్తలు మోజుగా దాచుకునే పాత పంపు తుపాకుల కథ చూస్తే ఇక్కడి చిక్కు కూడా తేటపడుతుంది.

మందు కొట్టే పంపు వంటిదే

మన ప్రాంతంలో కనిపించే గాలి తుపాకుల్లో అత్యధికం స్ప్రింగు రకం. గొట్టాన్ని మధ్యకు విరిచి వంచితే లోపలి స్ప్రింగు బిగుసుకుంటుంది. మీట నొక్కగానే అది విడివడి ముషలకాన్ని ముందుకు తోస్తుంది. ఆ ఒత్తిడికి గాలి ఒక్కసారిగా పెల్లెట్‌ను బయటకు నెడుతుంది. ప్రతిసారీ ఒకే బలం. తగ్గించడం, పెంచడం కాల్చేవారి చేతిలో ఉండదు.

పంపు తుపాకి తీరు వేరు. వీపున తగిలించుకుని పురుగుమందు కొట్టే చేతి పంపు తెలిసిన రైతుకు దీనిని వేరే వివరించనక్కరలేదు. గొట్టం కింద ఉన్న చెక్క పిడిని కిందకు లాగి పైకి మూసిన ప్రతిసారీ కొంత గాలి లోపలి అరలో చేరుతుంది. మూడుసార్లు కొడితే ఒక బలం, ఎనిమిదిసార్లు కొడితే మరో బలం. వాల్వు ఆ గాలిని పట్టి ఉంచుతుంది. మీట నొక్కినప్పుడు లోపలి సుత్తి వాల్వును తట్టి తెరుస్తుంది. స్ప్రింగు తుపాకిలో ఉండే కుదుపు ఇందులో దాదాపు ఉండదు. గురి కుదరడానికి అది మేలు. అయితే ప్రతి గుండుకూ మళ్లీ మొదటి నుంచి పంపు కొట్టుకోవాలి. చేతులు నొప్పి పుడతాయి.

గాలిని ముందుగా నింపుకుని కాల్చే ఆలోచన కొత్తదేమీ కాదు. 1780 ప్రాంతంలో ఆస్ట్రియా సైన్యం బార్తొలొమియో జిరార్డొని రూపొందించిన గాలి తుపాకిని వాడింది. దాని వెనుక భాగమే గాలి తిత్తి. దానిని నింపడానికి దాదాపు 1,500 సార్లు పంపు కొట్టాల్సి వచ్చేది. ఇరవైకి పైగా గుండ్లు వరుసగా కాల్చగలిగేది. 1803లో పశ్చిమ తీరానికి బయల్దేరిన లూయిస్, క్లార్క్ బృందం ఇటువంటి గాలి తుపాకినే వెంట తీసుకెళ్లి, దారిలో కలిసిన తెగల వారికి కాల్చి చూపించింది. అప్పట్లో దానిని బొమ్మ తుపాకి అన్నవారు లేరు.

రసీన్‌లో పుట్టిన ఇత్తడి తుపాకి

ఇంటింటికీ చేరిన పంపు తుపాకి మాత్రం ఆ తర్వాతి శతాబ్దపు సరకు. మిస్సోరి రాష్ట్రంలోని సెయింట్ లూయిస్‌లో బెంజమిన్ కంపెనీ ఇరవయ్యో శతాబ్దం ఆరంభంలోనే వీటిని అమ్మింది. రెండో ప్రపంచయుద్ధం ముగిశాక విస్కాన్సిన్ రాష్ట్రంలోని రసీన్ పట్టణంలో షెరిడాన్ సంస్థ పుట్టింది. 1947లో ‘సూపర్‌గ్రేడ్’ పేరుతో ఖరీదైన నమూనా తెచ్చింది. మెచ్చుకున్నవారే గాని కొన్నవారు తక్కువ. దాంతో ధర తగ్గించి, 1949లో ‘సిల్వర్ స్ట్రీక్’, తర్వాత ‘బ్లూ స్ట్రీక్’ విడుదల చేసింది. ఇవే దశాబ్దాల పాటు నిలిచాయి. గొట్టాలు ఇత్తడివి, పిడి వాల్‌నట్ చెక్కది. పెల్లెట్ కొలత 0.20 అంగుళం. అప్పటికి ఎవరూ పెద్దగా వాడని కొలత అది. 1977లో షెరిడాన్‌ను బెంజమిన్ కొనుగోలు చేసింది. 1992లో ఆ రెండూ క్రాస్‌మన్ చేతికి వెళ్లాయి. ఆ పాత ఇత్తడి నమూనాల తయారీ తర్వాత నిలిచిపోయింది. అందుకే అమెరికా గ్యారేజీ సేల్స్‌లో, పాత తుపాకుల దుకాణాల్లో ఇవి కనిపిస్తే వదలరు.

కొనేముందు అక్కడి అనుభవజ్ఞులు చేసే పరీక్ష సులువైనది. మూడుసార్లు పంపు కొట్టి, పెల్లెట్ వేయకుండా ఒక రాత్రి వదిలేస్తారు. మర్నాడు సురక్షితమైన దిక్కుకు గురిపెట్టి మీట నొక్కుతారు. చప్పుడు గట్టిగా వస్తే వాల్వు బాగున్నట్టు. ‘తుస్’ మంటే సీళ్లు మార్చాలి. గొట్టాన్ని పంపు గొట్టానికి అతికించిన టంకం చెక్కుచెదరకుండా ఉందో లేదో కూడా చూస్తారు. బరువైన దుర్భిణి బిగించడానికి గొట్టానికి క్లాంపు వేసి తిప్పినచోట ఈ టంకం విడిపోయిన తుపాకులు అనేకం. అతుకు ఊడితే తిరిగి నిలబెట్టడం తేలిక కాదు.

పోషణ కూడా కష్టమైనదేమీ కాదు. పంపు ముషలకం చుట్టూ ఉన్న ఫెల్టుకు అప్పుడప్పుడు తగిన నూనె చుక్క వేయాలి. కిరోసిన్‌ వంటి కరిగించే ద్రవాలు తగిలితే రబ్బరు సీళ్లు ఉబ్బి పాడవుతాయి. దాచేటప్పుడు ఒకటి రెండు పంపుల గాలి లోపల ఉంచాలి. దానివల్ల వాల్వు గట్టిగా కూర్చుని, దుమ్ము చేరదు. అయితే ఇంట్లో పిల్లలుంటే ఈ సలహా పాటించేవారు పెల్లెట్ లేదని రెండుసార్లు చూసుకుని, తాళం వేసిన చోట పెట్టాల్సిందే. గాలి నిండిన తుపాకి ఖాళీదని ఎవరూ అనుకోరాదు.

ఎనిమిది దాటితే ఏమవుతుంది?

బ్లూ స్ట్రీక్‌కు తయారీదారు విధించిన హద్దు 8 పంపులు. ఇక్కడే అసలు సంగతి ఉంది. ఎనిమిదికి ఇంత దూరం వెళ్తే, పన్నెండుకు ఇంకెంత వెళ్తుందోనని ఆశపడని యజమాని ఉండడు. కాని లోపలి సుత్తి బలం మారదు. గాలి ఒత్తిడి మితిమీరితే వాల్వును అది పూర్తిగా తెరవలేదు. కొంత గాలి లోపలే మిగిలిపోతుంది. చేతికి శ్రమ పెరుగుతుంది, పంపు పిన్నులు అరుగుతాయి, పెల్లెట్ వేగం మాత్రం ఆశించినంత పెరగదు. రైతు భాషలో చెప్పాలంటే, నాజిల్ మార్చకుండా మందు పంపును మాత్రం ఊపిరాడకుండా కొట్టడం.

అందుకని అక్కడి నిపుణులు తుపాకిని విప్పి లోపలి భాగాలనే మార్చారు. ముషలకం తల బల్లపరుపుగా చేస్తే పంపు చివర వృథాగా మిగిలే జాగా తగ్గి, ప్రతి పంపుకూ ఎక్కువ గాలి లోపలికి వెళ్తుంది. వాల్వును, పిన్నులను దిట్టంగా మార్చి 14 పంపుల దాకా తట్టుకునేలా తయారుచేసినవీ ఉన్నాయి. వీటిని ‘స్టెరాయిడ్’ తుపాకులంటారు. పేరులోనే అర్థముంది.

వేగం కొద్దిగా పెరిగితే ఏం పోయింది అనుకుంటారు చాలామంది. లెక్క వేసి చూడాలి. శక్తి వేగంతో పాటు పెరగదు, వేగపు వర్గంతో పెరుగుతుంది. వేగం 20 శాతం పెంచితే శక్తి 44 శాతం పెరుగుతుంది. షెరిడాన్ వాడే 14.3 గ్రెయిన్ల పెల్లెట్ బరువు దాదాపు 0.93 గ్రాములు. అది సెకనుకు 200 మీటర్ల వేగంతో వెళ్తే శక్తి సుమారు 18.5 జౌళ్లు. అదే 230 మీటర్లకు చేరితే 24 దాటుతుంది. ముప్పై మీటర్ల తేడా చెవికి తెలియదు, కంటికి కనబడదు. కాని భారత చట్టం ప్రకారం ఆ మధ్యలోనే గీత ఉంది.

చట్టం ఏమంటోంది?

1959 ఆయుధ చట్టం కింద తుపాకి అంటే పేలుడుతోనే కాదు, మరే శక్తితోనైనా గుండు విసిరే ఆయుధం. ఆ లెక్కన గాలి తుపాకి కూడా అందులోకే వస్తుంది. అయినా సాధారణ గాలి తుపాకులకు దీర్ఘకాలం మినహాయింపు నడిచింది. మినహాయింపు సరైనదేనా అన్న వివాదం న్యాయస్థానాల దాకా వెళ్లింది. 2016 జులైలో అమల్లోకి వచ్చిన కొత్త ఆయుధ నిబంధనలు సంగతి తేల్చాయి. గొట్టం కొలత 0.177 అంగుళం, అంటే 4.5 మిల్లీమీటర్లకు మించకూడదు. గుండు వెలువడేటప్పుడు శక్తి 20 జౌళ్లకు మించకూడదు. ఈ రెండింటిలో ఏది దాటినా లైసెన్సు కావాలి.

ఇందులో రెండు మెలికలున్నాయి. మొదటిది కొలత. 0.22 తుపాకి ఎంత బలహీనమైనదైనా లైసెన్సు పరిధిలోనిదే. 2016కు ముందు కొన్నవారి ఇళ్లలో ఇటువంటివి ఇంకా ఉన్నాయి. అమెరికాలో ఉన్న కొడుకో అల్లుడో మోజుపడి పాత బ్లూ స్ట్రీక్ కొని ఊరికి పంపాలనుకున్నా అంతే. 0.20 కొలత కాబట్టి ఒక్క పంపు కొట్టకుండానే అది లైసెన్సు అడుగుతుంది. ఆ మాటకొస్తే అమెరికాలో కూడా అంతటా ఒకే పద్ధతి లేదు. కేంద్ర చట్టం గాలి తుపాకిని ఫైర్‌ఆర్మ్‌గా లెక్కించదు. తెలుగువారు ఎక్కువగా స్థిరపడిన న్యూజెర్సీ రాష్ట్రం మాత్రం లెక్కిస్తుంది. టెక్సాస్‌లో ఉన్న బంధువు దుకాణంలో కొన్నంత సులువుగా ఎడిసన్‌లో ఉన్నవారు కొనలేరు. కొనుగోలుదారు గుర్తింపు కార్డు ముందుగా ఉండాలి.

రెండో మెలిక మార్పులు చేసేవారిది. ఆయుధ చట్టంలోని 5వ సెక్షన్ లైసెన్సు లేకుండా తుపాకులు తయారుచేయడాన్నే కాదు, మార్చడాన్ని, మరమ్మతు చేయడాన్ని కూడా నిషేధిస్తోంది. గీతకు లోపల ఉన్న గాలి తుపాకికి వాషరు వేస్తే ఇబ్బంది లేదు. గట్టి స్ప్రింగు వేసి గీత దాటించినవారు మాత్రం ఆయుధం మార్చినవారి కిందకు వస్తారు. ఇక ఇంట్లో ఉంచుకున్నవారికి 2019 సవరణ తర్వాత కనీస శిక్ష రెండేళ్లు, గరిష్ఠం ఐదేళ్లు. లైసెన్సు లేని నాటు తుపాకి దొరికినా వర్తించేది ఇదే సెక్షన్. ఈ సంగతి తెలిసి ఉంటే ‘పవర్’ పెంచమని అడిగేవారు సగానికి సగం తగ్గిపోతారు.

సాధారణ భారతీయ స్ప్రింగు తుపాకి ఈ హద్దుకు దగ్గరగా కూడా లేదు. అర గ్రాము పెల్లెట్ సెకనుకు 220 మీటర్ల వేగంతో వెళ్తే సుమారు 12 జౌళ్లే. హద్దును తాకాలంటే 280 మీటర్ల దాకా పెంచాలి. కాబట్టి కొత్త స్ప్రింగు వేయగానే నేరం కాదు. స్ప్రింగు మీద స్ప్రింగు మార్చి, గొట్టంలో నూనె చుక్క వేసి మండించి కాల్చే అలవాటే ప్రమాదకరం. నూనె ఆవిరి ఒత్తిడికి అంటుకుని పెద్ద చప్పుడుతో పెల్లెట్‌ను విసురుతుంది. చూసేవారికి అది బలంగా కనిపిస్తుంది. నాలుగు రోజుల్లో వాషరు కాలిపోతుంది, స్ప్రింగు విరుగుతుంది, ఏ గుండు ఎక్కడ తగులుతుందో చెప్పలేం.

పతకాలు తెచ్చింది తక్కువ బలమే

బలం ఎక్కువైతే గురి బాగుంటుందన్నది మరో భ్రమ. ఒలింపిక్స్‌లో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో 2008లో అభినవ్ బింద్రా స్వర్ణం, 2012లో హైదరాబాద్‌కు చెందిన గగన్ నారంగ్ కాంస్యం తెచ్చారు. ఆ పోటీ తుపాకుల్లో పెల్లెట్ వేగం సెకనుకు 175 మీటర్ల ప్రాంతంలో ఉంటుంది. లెక్క కడితే ఎనిమిది జౌళ్లు. కోతులను తోలడానికి ఊళ్లో వాడే తుపాకి కంటే తక్కువ. కొట్టాల్సిన నడిమి చుక్క వ్యాసం మాత్రం అర మిల్లీమీటరు. పోటీ తుపాకులు కూడా ఒకప్పుడు స్ప్రింగువే. తర్వాత ఒక్కసారి పంపు కొట్టే రకం వచ్చింది. ఇప్పుడు సిలిండరులో గాలి ముందే నింపుకునే రకం నడుస్తోంది. యాభై ఏళ్లలో వాటిలో జరిగిన మెరుగుదల అంతా కుదుపు తగ్గించడానికి, మీటను సున్నితం చేయడానికి, గురి కళ్లద్దాన్ని సరిచేయడానికే.

పాత తుపాకి మీద మమకారం ఉన్నవారు చేయదగినవీ అవే. కొత్త వాషరు, శుభ్రమైన గొట్టం, మీట సర్దుబాటు, మంచి పెల్లెట్లు. తిరునాళ్లలో బెలూన్లు కాల్చే అంగళ్ల తుపాకులకు గొట్టమే వంకరపోయి ఉంటుంది. అయినా నాలుగు బెలూన్లు పగిలితే పిల్లవాడు మురిసిపోతాడు. మంచి పెల్లెట్లు వేసిన చక్కటి గొట్టంతో పది మీటర్లలో రూపాయి బిళ్లను కొట్టడం అభ్యాసంతో వచ్చే పనే.

కోతి మీద పేల్చితే..

గాలి తుపాకులకు పల్లెల్లో గిరాకీ తెచ్చింది ఆటల మోజు కాదు, పంట నష్టం. దీనిని తేలిగ్గా కొట్టిపారేయడానికి లేదు. కోతుల బెడదకు వేరుశనగ, కూరగాయలు మానేసి పత్తి వేసుకున్న గ్రామాలున్నాయి. తెలంగాణలో 2020లో నిర్మల్ సమీపంలో కోతుల సంరక్షణ, పునరావాస కేంద్రం తెరిచారు. పట్టి, కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్స చేసి వదలడం దాని ఉద్దేశం. ఒక్క కేంద్రంతో తీరే సమస్య కాదని అందరికీ తెలుసు. కార్బైడ్ పోసి పేల్చే పైపు గన్లను కొందరు వాడుతున్నారు. 2025 దీపావళికి మధ్యప్రదేశ్‌లో ఆ గన్లతో ఆడుకున్న పిల్లల కళ్లు దెబ్బతిన్న తీరు చూశాక వాటిని ఇంట్లో పెట్టుకోవడానికీ భయపడాల్సి వస్తోంది.

గాలి తుపాకి కోతిని చంపదు, అందుకే వాడుతున్నామని అంటారు. ఆంజనేయస్వామి స్వరూపంగా కొలిచే ప్రాణిని చంపడానికి ఊళ్లో ఎవరికీ మనసొప్పదు. అయితే పెల్లెట్ చర్మం కింద ఇరుక్కుని, పుండు పట్టి, వారం పది రోజులకు ప్రాణం తీసిన సంగతి చేను గట్టున ఉన్నవారికి కనబడదు. అడవి పందికి ఇది దోమకాటు వంటిది. గాయపడి తిరగబడితే మనిషికే ముప్పు.

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో వేట అంటే చంపడమే కాదు, గాయపరచడం, ఆ ప్రయత్నం చేయడం కూడా. 2023 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న సవరణతో జాబితాలు మారాయి. పంటకు హాని చేసే జంతువులకు విడిగా ఉన్న పాత షెడ్యూలును తొలగించారు. కేంద్రం ప్రత్యేకంగా ప్రకటిస్తే తప్ప ఏ జంతువూ ఆ కోవలోకి రాదు. మామిడి తోట మీద వాలే చిలుక, చెరువు గట్టు కొంగ కూడా రక్షణ ఉన్నవే. నెమలి మొదటి షెడ్యూలులో ఉంది. దానిని కొడితే శిక్ష మూడేళ్లకు తక్కువ ఉండదు, జరిమానా రూ.25 వేలకు తగ్గదు. లైసెన్సు అక్కరలేని తుపాకితో కొట్టామన్నది ఇక్కడ చెల్లదు.

అరుణాచల్ ప్రదేశ్‌లో పక్షులు కనుమరుగవుతున్నాయన్న ఆవేదనతో 2021 మార్చిలో తూర్పు కామెంగ్ జిల్లా లుమ్‌డుంగ్ గ్రామంలో గాలి తుపాకులు అప్పగించే కార్యక్రమం మొదలైంది. తరాలుగా వేట అలవాటున్న పల్లెల వారు స్వచ్ఛందంగా తెచ్చి ఇచ్చారు. అప్పగించిన తుపాకుల సంఖ్య తర్వాత వేయి దాటింది. అక్కడ సమస్య వేట, ఇక్కడ సమస్య పంట. కాబట్టి ఆ పద్ధతిని ఉన్నదున్నట్టు తెచ్చి పెట్టలేం. కోతికి ప్రత్యామ్నాయం చూపకుండా తుపాకి ఇవ్వమంటే రైతు ఇవ్వడు.

కొలిచేదెవరు?

చట్టం 20 జౌళ్లంటోంది సరే, కొలిచే సాధనం ఎక్కడుంది? పెల్లెట్ వేగం కొలిచే క్రోనోగ్రాఫ్ షూటింగ్ రేంజిల్లో, కొందరు పెద్ద డీలర్ల వద్ద ఉంటుంది. మండల పోలీసు స్టేషన్‌లో ఉండదు. తుపాకి మీద అనుమానం వస్తే స్వాధీనం చేసుకుని ఫోరెన్సిక్ ప్రయోగశాలకు పంపడమే మార్గం. నివేదిక వచ్చేదాకా అది హద్దుకు లోపలిదో బయటిదో ఎవరూ చెప్పలేరు. కొన్ననాటి బిల్లు, కంపెనీ ముద్ర, పెట్టె మీద రాసిన శక్తి వివరం ఉన్నవారికి కొంత ఊరట. లేత్ మీద మార్పించుకున్నవారి వద్ద ఆ కాగితాలున్నా పనికిరావు. కంపెనీ రాసిన శక్తి ఇప్పుడు ఆ తుపాకిది కాదు.

పాత తుపాకి ఇంట్లో ఉన్నవారు మొదట చూసుకోవాల్సింది గొట్టం కొలత. 0.177 అయితే, లోపల ఎవరూ చేయి పెట్టనిదైతే భయం లేదు. 0.22 అని ముద్ర ఉన్నా, బలం పెంచిన సంగతి గుర్తున్నా ఎవరో ఫిర్యాదు చేసేదాకా ఆగకుండా లైసెన్సు ఉన్న ఆయుధ డీలరును గాని, స్టేషన్ అధికారిని గాని తామే కలవడం నయం. గట్టి స్ప్రింగు తీయించి పాతదే వేయించాలన్నా సొంతంగా విప్పరాదు. బిగుసుకున్న స్ప్రింగు ముఖం మీదకు ఎగిరివస్తుంది.